ఆటగత్తెకు కాలేజీలో చోటు

అమెరికాలో సాఫ్ట్‌బాల్ అనే ఆట ఉన్నది. అది బేస్‌బాల్‌కు చెల్లెలు వంటిది. 1887లో చికాగో నగరంలో కొందరు యువకులు ఒక క్లబ్బు గదిలో కూర్చుని, బాక్సింగ్ తొడుగును ఉండగా కట్టి, చీపురుకర్రతో కొట్టి ఈ ఆట మొదలుపెట్టారు. పేరుకు “మెత్తని బంతి” గాని, ఇప్పటి బంతి గట్టిదే. దాని చుట్టుకొలత 12 అంగుళాలు. కాలేజీ ఆటలో బంతి వేసే అమ్మాయి చేతిని కిందినుంచి తిప్పి, 43 అడుగుల దూరానికి విసురుతుంది.

1972లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ ధనం తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లలకూ మగపిల్లలకూ భేదం చూపరాదని దాని సారాంశం. ఆ తరువాత కాలేజీలలో ఆడపిల్లల జట్లు బాగా పెరిగాయి. కోచ్‌లు బడిపిల్లలను వెతికి, ఎంచి, తమ జట్లలో చేర్చుకుంటారు. కొందరికి ఆట మూలంగా చదువు ఖర్చు కూడా కలిసివస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లలకూ ఇదే పద్ధతి.

అక్కడ హైస్కూలు 9 నుంచి 12 తరగతుల దాకా. పదకొండో తరగతి సగమైపోయిన తరువాత ఒక అమ్మాయికి, “నేను కాలేజీలో కూడా ఆడాలి” అనే కోరిక కలిగిందనుకోండి. తోటిపిల్లలు కొందరికి అప్పటికే చోటు ఖాయమైంది. ఆమెకు ఇక దారి లేనట్టేనా?

అట్లా అనుకోనక్కర లేదు. ఒకప్పుడు కోచ్‌లు ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా నోటిమాటగా చోటు ఇస్తామనేవారు. ఎన్.సి.ఎ.ఎ. అనే కాలేజీ ఆటల సంఘం 2018లో దీన్ని ఆపింది. పదకొండో తరగతిలో సెప్టెంబరు 1వ తేదీ వచ్చేదాకా మొదటి శ్రేణి సాఫ్ట్‌బాల్ కోచ్‌లు పిల్లలతో చేరిక మాట ఎత్తరాదు. కనక మన అమ్మాయి వెనకబడింది కొన్ని నెలలే.

కాని తరిగిపోయే గడువు మరొకటి ఉన్నది. అది ఆటది కాదు, చదువుది. మొదటి శ్రేణిలో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్య పాఠ్యాంశాలు పూర్తిచేయాలి. వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోగానే ముగియాలి. ఆ పదిలో 7 ఇంగ్లీషు, లెక్కలు, సైన్సులకు చెందాలి. తరువాత ఆ పదింటి మార్కులు దిద్దుకోవడానికి వీలుండదు. బంతి కొట్టడం ఒక వేసవిలో మెరుగుపడవచ్చు. పోయిన లెక్కల మార్కు తిరిగిరాదు! అందుచేత ఆలస్యంగా బయలుదేరిన అమ్మాయి మొట్టమొదట తెరవవలసినది మార్కుల పట్టీ.

ఆ లెక్క సరిపోకపోయినా దారులు ఇంకా ఉన్నాయి. రెండో శ్రేణికి కూడా 16 పాఠ్యాంశాలు కావాలి గాని, ఈ పదింటి గడువు లేదు. మూడో శ్రేణి కాలేజీలు ఆట కోసం డబ్బివ్వవు. మార్కులను బట్టి, ఇంటి పరిస్థితిని బట్టి సాయం చేస్తాయి. రెండేళ్ల కాలేజీలు కూడా ఉన్నాయి. అక్కడ ఆడి, చదివి, తరువాత పెద్ద కాలేజీకి మారవచ్చు.

ఇక కోచ్‌ల కంట పడడం ఎట్లా? ముందు జట్ల పట్టికలు చూడాలి. ఏ అమ్మాయి ఏ చోట ఆడుతున్నదో, ఏ సంవత్సరం చదువుతున్నదో వాటిలో ఉంటుంది. వికెట్ కీపరులాగా బంతి పట్టే అమ్మాయి నాలుగో ఏడు చదువుతున్నదనుకోండి. మరుసటి ఏడు ఆ చోటు ఖాళీ అవుతుంది. అట్లాంటి ఆటగత్తె కోసం ఆ కోచ్ ఇంకా వెతుకుతూ ఉండవచ్చు. అంటే చోటు ఎవరికి దొరుకుతుందన్నది ఆట గొప్పదనం మీదే కాదు, అవసరం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

తరువాత తన ఆటను రెండు మూడు నిమిషాల వీడియో తీసి, కోచ్‌కు ఉత్తరం రాయాలి. పేరు, చదువు పూర్తయ్యే సంవత్సరం, ఆడే చోటు, మార్కులు, ఆ కాలేజీయే ఎందుకు కావాలో అందులో ఉండాలి. ఉత్తరం అమ్మాయే రాయాలి. తల్లిదండ్రులారా! తప్పులు దిద్దండి గాని కలం మీరు పట్టుకోకండి. మైదానంలో ఆడబోయేది మీరు కాదు గదా! పది ఉత్తరాలకు ఒక్క జవాబే వచ్చినా అమ్మాయి చిన్నబుచ్చుకోకూడదు. డబ్బు సాయం లేకుండా కాలేజీలో చేరి, జట్టు పరీక్షకు నిలబడి చోటు సంపాదించేవారు కూడా ఉన్నారు.

డబ్బు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. 2024–25 దాకా మొదటి శ్రేణి జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువే పరిమితి. దాన్నే చాలామందికి పంచేవారు. 2025–26 నుంచి కొత్త ఏర్పాటుకు ఒప్పుకున్న కాలేజీలలో ఆ పరిమితి పోయి, జట్టుకు 25 మందే అనే హద్దు వచ్చింది. అయినా ఎవరికెంత ఇవ్వాలో కాలేజీ ఇష్టం. అందుచేత “ఏడాదికి మా చేతినుంచి ఎంత పడుతుంది?” అని అడగడానికి మొగమాటపడరాదు.

చివరికి ఆ అమ్మాయి తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. “రేపు మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోతే, నేను ఈ కాలేజీలోనే సంతోషంగా చదువుకుంటానా?” అవుననిపిస్తే అది ఆమెకు తగిన చోటే. కాదనిపిస్తే, ఎంత పేరున్న జట్టయినా అక్కడ చేరకపోవడమే మంచిది.