మీకు తెలుసా? అమానాలో ఒకప్పుడు పెళ్లంటే ఏడాది ఎడబాటు

క్రైస్తవ చారిత్రక ప్రేమ నవలలు చదివేవారికి అమెరికాలోని అమానా ఊళ్లు పరిచయమే. జూడిత్ మిల్లర్ ‘డాటర్స్ ఆఫ్ అమానా’ నవలలు అక్కడే నడుస్తాయి. జర్మన్ మూలాలున్న ఈ భక్త సమాజం 1855లో అయోవా చేరి, క్రమంగా ఏడు ఊళ్లుగా స్థిరపడి, 1932 దాకా ఉమ్మడి ఆస్తితోనే బతికింది. ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు, భోజనాలన్నీ ఉమ్మడి వంటశాలల్లోనే. ప్రార్థనకు ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు మరోవైపు. అప్పట్లో పెళ్లికి పెద్దల అనుమతి తప్పనిసరి. అది దొరికినా జంట సుమారు ఏడాది దూరంగా ఉండాల్సిందే, తరచూ వేర్వేరు ఊళ్లలో! ఇక కథకు విలన్ ఎందుకు? పైగా పెళ్లి చేసుకున్నవాళ్లు సమాజంలో ఆధ్యాత్మికంగా ఒక మెట్టు కిందికి దిగాల్సి వచ్చేది.