రియాద్‌లో భర్త, జగిత్యాలలో కోర్టు

విదేశీ ఉద్యోగుల వెంట ఉండే ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల చొప్పున సౌదీ ప్రభుత్వం 2017 జులైలో రుసుము మొదలుపెట్టింది. ఏటా పెంచుతూ 2020 నాటికి దాన్ని 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలున్న చిరుద్యోగికి ఏడాదికి 14,400 రియాళ్లు! దమ్మాంలోనో జెడ్డాలోనో ఇల్లు ఎత్తేసి, ఆడవాళ్లనీ పిల్లల్నీ హైదరాబాద్ విమానం ఎక్కించిన సంసారాలున్నాయి. కూలీ వీసాల మీద పోయినవాళ్ల సంగతి సరేసరి. జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల్లో వాళ్ల భార్యలు సౌదీ మొహమే చూడలేదు. అలాంటి కాపురం చెడినప్పుడు విడాకులు ఎలా అనేదానికంటే ముందు, ఎక్కడ అనేది తేలాలి.

హిందూ దంపతులకు జవాబు సులువే. ఇక్కడే. ముస్లిమేతరుల కోసం అబూధాబీ 2021లో వేరే కుటుంబ చట్టం తెచ్చుకుంది. సౌదీలో అలాంటిది లేదు. మన హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిగిన చోటో, చివరిసారి కలిసి కాపురమున్న చోటో కేసు వేయొచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న ఊళ్లోనే వేసుకోవచ్చు. పుట్టింట ఉన్న మనిషి అత్తగారి జిల్లా కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు.

పరాయి దేశం కోర్టు కాగితం తెచ్చి ‘అయిపోయింది పో’ అంటే? దీనికి మన తిరుపతి పెళ్లే జవాబు చెప్పింది. 1975లో అక్కడ పెళ్లాడిన ఒకాయన అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తీసుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, క్రిమినల్ కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు, ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలనీ, అవతలి మనిషి తనంతట తాను హాజరై వాదించుకోవాలనీ, లేదా విడాకులకు ఒప్పుకోవాలనీ తేల్చింది. నోటీసు పంపాం, రాలేదు అంటే సరిపోదు. లాయర్లు ఇప్పటికీ నరసింహారావు తీర్పు అని చెప్పుకునేది ఇదే.

ఇద్దరూ ఒప్పుకున్నాక కూడా ‘ఆయన రాలేడు’ అనే చిక్కొకటి ఉంటుంది. యజమానిని వదిలేసి ఖల్లివెల్లి అయ్యి, అకామా (నివాస అనుమతి) తీరిపోయి, ఎగ్జిట్ వీసా దొరకని మనిషి వాయిదాకి ఎలా వస్తాడు? పరస్పర అంగీకార కేసుల్లో ఆరు నెలల ఆగుడును కోర్టు మాఫీ చేయొచ్చనీ, వీడియోలో విచారించొచ్చనీ, తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రతినిధిగా రావచ్చనీ 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలా ప్రతినిధి రావాలంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) కావాలి. రియాద్ ఎంబసీలోనో జెడ్డా కాన్సులేట్‌లోనో దాన్ని ధ్రువీకరించుకుని పంపించాలి; కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు కట్టాలి. ఆ గడువు దాటితే చిక్కే.

ముస్లిం దంపతుల దగ్గరే అసలు ముడి. వాట్సాప్‌లో మూడు తలాక్‌లు వచ్చాయా? 2019 చట్టం ప్రకారం అది చెల్లదు, పంపినవాడికి మూడేళ్ల దాకా జైలు. ఆమె ఇంకా భార్యే. సౌదీ సంగతి వేరు. అక్కడ 2022లో వచ్చిన కుటుంబ చట్టం ప్రకారం తలాక్ ఇచ్చినవాడు 15 రోజుల్లో నమోదు చేయించాలి. అలా నమోదైన కాగితాన్నయినా మన కోర్టు కళ్లకద్దుకోదు. తలాక్‌కు తగిన కారణం ఉందా, ముందు రాజీకి ప్రయత్నించారా అని 2002 నాటి షమీమ్ ఆరా తీర్పు ప్రకారం అడుగుతుంది.

భార్యే విడిపోదామనుకుంటే ఖులా. సౌదీ చట్టంలో దానికి భర్త ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కారణాలు చూపి కోర్టులో పెళ్లి రద్దు కోరాలి. ఇక్కడైతే భర్త అంగీకారంతో పనిలేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తేల్చి చెప్పింది. ఒకే నిఖాకు రియాద్‌లో ఒక జవాబు, పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో మరో జవాబు! ఈ ఒక్క విషయంలో హైదరాబాద్‌లో ఉండిపోవడమే ఆమెకు కలిసొచ్చింది. 1939 చట్టమూ ఉంది: రెండేళ్లు పోషించకపోయినా, నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా ఆమె విడాకులు అడగొచ్చు.

ఇక మనోవర్తి. విడాకులైన ముస్లిం మహిళకూ మామూలు చట్టం కింద అడిగే హక్కుందని సుప్రీంకోర్టు 2024 జులై 10న చెప్పింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే. ఆర్డరు రావడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఇంకో ఎత్తు. ఇక్కడి జడ్జి చెప్పాడని సౌదీ కంపెనీ జీతం కోసి పంపదు. పట్టు దొరికేది ఇక్కడున్న ఆస్తి మీద, బ్యాంకు ఖాతా మీద. కోర్టు వారెంట్ ఇస్తే పాస్‌పోర్ట్ జప్తు చేసే అధికారమూ చట్టంలో ఉంది. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి అతగాడు మన ప్రభుత్వానికే దరఖాస్తు చేసుకోక తప్పదు.

గల్ఫ్ డబ్బుతో కొన్న పొలం అన్న పేరనో, ఇల్లు అమ్మ పేరనో ఉంటే చిక్కే. ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించినా, లేదని రాసినవాడి దగ్గర ఉందని చూపించాల్సింది ఆమే. అతను సెలవు మీద వచ్చినప్పుడే అకామా కాపీ, కంపెనీ పేరు, జీతం చీటీ, డబ్బు పంపిన రసీదులు ఫోన్‌లో దాచుకోమని పెళ్లప్పుడే ఆడపిల్లకు చెప్పాలి. అనుమానించమని కాదు, సమన్లు పంపడానికి అడ్రసు ఉండాలి కదా.