పూలకుండీలు, నిలువనీరు

క్రొత్తగా ఇల్లు కట్టుకొనినవారికి ముంగిట గరిక పెంచి, నాలుగు బంతిమొక్కలు నాటవలెనను కోరిక సహజము. పచ్చికతో అంతగా చిక్కు లేదు. నేలలో ఇంకిన నీటిలో దోమ పెరుగదు. చిక్కంతయు కుండీల క్రింది పళ్ళెములలో నున్నది. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ మురుగుకంటె ఇట్టి తేటనీటినే కోరును. గ్రుడ్డు దోమయగుటకు వేడిదినములలో 7 నుండి 10 దినములు చాలును. కావున వారమున కొకమారు నీరు పారబోయవలెను. పారబోసి ఊరకుండరాదు. గ్రుడ్లు నీటిమట్టమునకు పైగా పాత్రగోడ నంటుకొని, ఎండినను నెలల తరబడి చావక, మరల నీరు తగిలినంతనే పగిలి పురుగులగును. అందుచేత పళ్ళెమును పీచుతో గట్టిగా తోమవలెను. లేదా ఇసుకతో నింపవలెను. ఈ దోమ పగటిపూట కుట్టును గనుక మొక్కలకు నీరు పోయువారు చేతులు, కాళ్ళు కప్పుకొనుట మేలు.