బతా వాగును, అరబ్బు దేశపు సేద్యపు నీరును

సౌదీ అరేబియా రాజధానియగు రియాదు నగరమందు బతా యను పేట కలదు. తెలుగు జిల్లాలనుండి కూలిపనికి పోయినవారనేకులు సెలవునాడు అచ్చట కలిసికొని, సరకులు కొని, ఇంటికి సొమ్ము పంపుకొందురు. అరబీ భాషలో బతా యనగా ఇసుకతో నిండిన వాగు. రియాదు అనగా తోటలు. ఈ పేరులు ఊరక పుట్టినవి కావు. పూర్వము వాన కురిసినప్పుడు ఈ వాగు పారెడిది. రైతులు తెలుగు సీమలోని మోటవలెనే పశువులను కట్టి, తోలుసంచులతో బావినీరు తోడి, ఖర్జూరపు తోటలను పెంచుచుండిరి. నేడు ఆ వాగు త్రోవను పెద్ద రాజమార్గము ఆక్రమించియున్నది.

రియాదునందు ఏడాదికి కురియు వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. కరవుసీమయని పేరుపడిన అనంతపురమందు సైతము దానికి ఐదింతలు కురియును. సౌదీ దేశమంతటను ఏడాది పొడుగున పారు నది ఒక్కటియు లేదు. మోట తోలిన కాలమందు పశువు అలసినప్పుడు బావికిని విశ్రాంతి దొరికెడిది. యంత్రమునకు అలసట లేదు.

1970వ సంవత్సరము తరువాత ఆ దేశపు ప్రభుత్వము గోధుమలు స్వదేశమందే పండించ నెంచి, రైతులకు ధనసహాయము చేసి, హెచ్చు ధర నిచ్చెను. వేలయేండ్ల క్రిందట భూమిలో ఇంకిన నీటిని లోతైన బోరుబావులతో తోడిరి. చేను నడుమ ఒక స్తంభము నిలిపి, దాని చుట్టు చక్రములపై తిరుగుచు వానవలె నీరు చల్లు పొడవైన గొట్టపు యంత్రములను పెట్టిరి. ఎడారిలో గుండ్రని పచ్చని చేలు వెలసెను. 1992వ సంవత్సరమందు పంట సుమారు 40 లక్షల టన్నులాయెను. మిగిలినది పరదేశములకు అమ్మిరి.

అయితే ఒక టన్ను గోధుమలకు వేయి టన్నులకు మించిన నీరు కావలయును. ఆ లెక్కన ఆ యొక్క యేటి పంట 400 కోట్ల టన్నులకు మించిన నీటిని త్రాగెను. గోధుమలు అమ్మినవారు నిజముగా తమ నీటినే అమ్మిరి. బావులు లోతునకు దిగజారగా, ప్రభుత్వము 2008లో మేల్కొని, కొనుగోలును ఏటేట తగ్గించి, 2016 నాటికి నిలిపివేసెను. పిమ్మట మితముగా మాత్రమే మరల అనుమతించెను.

యంత్రము చెడ్డదా? కాదు. కాలువకట్టుకంటె అది నీటిని పొదుపుగానే చల్లును. కొలత లేకపోవుటయే కీడు. తెలుగు దేశమందును 2003లో ప్రభుత్వము సూక్ష్మసేద్యపు పథకము నారంభించి, సన్నని గొట్టములద్వారా వేరుదగ్గరనే చుక్కచుక్కగా నీరిచ్చు పద్ధతిని రైతులకు నేర్పెను. దీనివలన నీరు చాల మిగులును. కాని మిగిలిన నీటితో మరి రెండెకరములు సాగుచేసినయెడల బావికి మిగులునదేమి? పొదుపుచేసిన నీరు భూమిలోనే నిలిచినప్పుడే అది పొదుపు.

రియాదువారు మరియొక ఉపాయము చేసిరి. పట్టణమందు వాడి విడిచిన నీరు వాది హనీఫా యను లోయలోనికి పారును. అచ్చట రాతికట్టలు కట్టి, నీటికి గాలి తగిలించి, నాచును చేపలను పెంచి దానిని శుభ్రపరచి, తోటలకు మరల ఉపయోగించుచున్నారు. ఈ పనికి 2010లో ఆగాఖాన్ బహుమానము లభించెను.

తోట కూలీల కుటుంబములును ఇందునుండి నేర్చుకొనవచ్చును. పెరటి పాదుదగ్గర మెరుగుపూత లేని మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి మూతపెట్టుడి. నీరు మెల్లగా ఊరి వేరునకు చేరును. మొదళ్లచుట్టు ఎండుటాకులు పరచుడి. బియ్యము కడిగిన నీటిని పారబోయక ఆనపపాదునకు పోయుడి. మండుటెండలో కాక, ప్రొద్దు వాలినపిమ్మట తడిపెట్టుడి. మరియు కుళాయి కట్టినను, గొట్టము పరచినను, నేడెన్ని బిందెలు తోడితిమో ఇంటివారందరు లెక్క చూచుకొనుడి. లెక్కించని ధాన్యపు గాదె ఎట్లు తరుగునో, లెక్కించని బావియు అట్లే తరుగును.