సంఘంలోని కెమెరాను దూరం నుంచి చూసేటప్పుడు డేటా పొదుపు

పాల సేకరణ కేంద్రంలో నిఘా కెమెరా ఉంటే తూకం, శాంపిలు తీయడం, వెన్న శాతం పరీక్ష, క్యాన్ల లెక్క మొదలైన వాటిపై సభ్యులకు నమ్మకం కలుగుతుంది. అధ్యక్షుడు గాని, కార్యదర్శి గాని ఇంటి వద్ద నుంచే సెల్‌ఫోనులో కేంద్రాన్ని చూడవచ్చును. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. కెమెరాకూ, పాల లెక్కలను యూనియనుకు పంపే యంత్రానికీ ఒకే సిమ్ రౌటరు వాడుతున్న సంఘంలో, ఉదయమంతా కెమెరా చూసి డేటా ఖర్చు చేస్తే సాయంత్రం పూట లెక్కలు వెళ్ళక నిలిచిపోతాయి. బిల్లుల సమయంలో ఇది సభ్యులందరికీ ఇబ్బంది. కావున కెమెరా డేటాను ఎలా తింటుందో, దానిని ఎలా అదుపు చేయాలో తెలుసుకోవడం అవసరం.

ఖర్చు ఎంత?

ట్యాంకరు నింపేటప్పుడు గొట్టంలో నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నవో అది వేగం. మొత్తం ఎన్ని లీటర్లు పోయినవో అది పరిమాణం. ఇంటర్నెట్‌లోనూ అంతే. వేగాన్ని సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెబుతారు. పరిమాణాన్ని మెగాబైట్లు, గిగాబైట్లలో లెక్కిస్తారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు.

స్పష్టమైన బొమ్మ పంపే కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపుతున్నదనుకుందాం. అంటే సెకనుకు అర మెగాబైటు, గంటకు 1,800 మెగాబైట్లు. రోజుకు 1.5 గిగాబైట్లు వచ్చే పథకమైతే 50 నిమిషాలలో ఖాళీ! పైగా ఈ ఖర్చు రెండు వైపులా పడుతుంది. పంపే సంఘం సిమ్‌లోనూ తరుగుతుంది, చూసే వారి సెల్‌ఫోను డేటాలోనూ తరుగుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కేంద్రంలోని రికార్డరు పెట్టెలో గాని, కెమెరాలోని మెమరీ కార్డులో గాని దృశ్యం నమోదు కావడానికి ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు. బయటి నుంచి చూసినప్పుడు, లేదా నమోదైన దృశ్యాన్ని కంపెనీ వారి క్లౌడ్‌లో దాచుకున్నప్పుడు మాత్రమే ఖర్చవుతుంది.

పాటించవలసిన పద్ధతులు

1. చిన్న ప్రవాహం వాడండి. కెమెరాలు సాధారణంగా రెండు ప్రవాహాలు ఇస్తాయి: మెయిన్ స్ట్రీమ్, సబ్ స్ట్రీమ్. నమోదుకు మొదటిది, సెల్‌ఫోనులో చూడటానికి రెండవది. సబ్ స్ట్రీమ్‌ను సెకనుకు 512 కిలోబిట్ల వద్ద ఉంచితే గంటకు సుమారు 230 మెగాబైట్లు చాలు. పైన చెప్పిన 1.5 గిగాబైట్లు 50 నిమిషాలకు బదులు ఆరు గంటలకు పైగా వస్తాయి. అరచేతిలోని తెరపై ఆ బొమ్మ సరిపోతుంది.

2. బిట్ రేటుకు హద్దు పెట్టండి. సెకనుకు 25 బొమ్మలకు బదులు 8 లేక 10 బొమ్మలు పంపినా క్యాను ఎవరు దించారో తెలుస్తుంది. అయితే బిట్ రేటును స్థిరంగా పెట్టి ఉంటే, బొమ్మల సంఖ్య తగ్గించినంత మాత్రాన డేటా తగ్గదు. హద్దును కూడా తగ్గించవలసి ఉంటుంది.

3. కుదింపు పద్ధతి చూడండి. కెమెరా ప్రతి బొమ్మనూ పూర్తిగా పంపదు. రిజిస్టరంతా రోజూ తిరగ రాయకుండా మారిన పద్దులు మాత్రమే రాసినట్లు, అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను పంపి, మధ్యలో మార్పులను మాత్రమే పంపుతుంది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి కంటే 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతిలో అదే స్పష్టతకు దాదాపు సగం డేటా సరిపోతుంది. కెమెరా, రికార్డరు, సెల్‌ఫోను మూడూ దానిని అందుకోగలిగితేనే మార్చండి.

4. అనవసరమైన కదలిక తప్పించండి. తిరిగే ఫ్యాను, ఊగే చెట్టుకొమ్మ, కెమెరా ముందు సాలెగూడు, ఇవన్నీ మార్పులుగానే లెక్కకు వస్తాయి. చీకటిలో బొమ్మ మీద కనిపించే చుక్కలూ అంతే. మంచి దీపం ఉంచి, కెమెరా అద్దం తుడుస్తూ ఉంటే కొంత ఆదా.

5. ఒకేసారి ఎక్కువ మంది చూడవద్దు. ఐదుగురు ఐదు ఫోన్లలో చూస్తే సాధారణంగా ఐదు ప్రవాహాలు బయలుదేరుతాయి. నాలుగు కెమెరాలను ఒకే తెరపై తెరిస్తే నాలుగింటి డేటా పోతుంది. కావలసిన దానిని మాత్రమే తెరిచి, చూడటం కాగానే యాప్ మూసివేయండి.

6. కొత్త కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చండి. అది బయటికి పొక్కితే పరాయివారు చూస్తారు. డేటా మనది పోతుంది, గుట్టూ పోతుంది.

ఒక హెచ్చరిక

పొదుపు పేరుతో మెయిన్ స్ట్రీమ్ స్పష్టతను తగ్గించకండి. తూకం యంత్రంపై అంకెలు, పరీక్ష ఫలితం గురించి సభ్యునికి అనుమానం వస్తే ఆధారం అదే. అటువంటప్పుడు సెల్‌ఫోనులోని మసక బొమ్మపై వాదులాడుకోక, సంఘ కార్యాలయంలోనే ఆ సభ్యుని సమక్షంలో పాలకవర్గ సభ్యులు రికార్డు వేసి చూడటం మంచిది. దీనికి డేటా కూడా అక్కరలేదు.

రానున్న పాలకవర్గ సమావేశంలో కెమెరాను ఎవరు, ఏ వేళల్లో చూడాలో తీర్మానించుకోండి. పాలు పోసే వేళలో లెక్కలు పంపే యంత్రానికే మొదటి హక్కు. రౌటరులో వీలుంటే కెమెరా వాడే వేగానికి హద్దు పెట్టించండి. నెలాఖరున ఏ పరికరం ఎంత డేటా వాడినదో చూసి, పాల లెక్కలతో పాటు ఆ లెక్కనూ రాసి ఉంచండి.