చాకీ తారీఖు మరిచిపోం, ఆస్పత్రి తారీఖు ఎందుకు తప్పుతోంది?

ఈ వారం ఊజీ ఈగ గురించి కాదు, మన ఒంటి గురించి నాలుగు మాటలు.

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లో గానీ, ఊరి దగ్గర ఆరోగ్య కేంద్రంలో గానీ బీపీ, షుగర్ చూపించుకుంటే మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి పంపుతారు. ఆ చీటీ ఇంటికొచ్చాక ఏ డబ్బాలోకో పోతుంది. తీరా ఆ రోజు వచ్చేసరికి షెడ్డులో పురుగు నాలుగో జ్వరం లేచి ఆకుమీద ఉంటుంది. పంట మొత్తం మీద తినే ఆకులో నూటికి 80 పాళ్ళు పైనే ఈ చివరి దశలో తింటుంది. ఇంట్లో ఒక మనిషి తగ్గినా మేత తప్పుతుంది. "వచ్చే వారం పోదాంలే" అనుకుంటాం, ఈలోగా మాత్రలు అయిపోతాయి. బీపీ మాత్ర ఆపితే వెంటనే ఏమీ తెలియదు. లోపల బీపీ పెరుగుతూ పోయి, ఒకరోజు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది.

*మెసేజ్‌తో తేడా వస్తుందా?*

వస్తుంది. వేరువేరు దేశాల్లో జరిగిన పరీక్షలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ 2013లో లెక్క తీసింది. ఏ గుర్తూ చేయకపోతే 100 మందిలో సుమారు 68 మంది చెప్పిన రోజుకి వచ్చారు. మెసేజ్ పంపితే 79 మంది వచ్చారు. ఫోన్ చేసి చెబితే 80 మంది. అంటే మెసేజ్ కూడా దాదాపు ఫోన్ చేసినంత పని చేస్తుంది.

అయితే మెసేజ్ మతిమరుపుకే మందు. మేత వేసే మనిషి లేకపోతే, బస్సు దొరక్కపోతే అదేం చేయలేదు. అందుకే అది ముందుగా రావాలి. 3 రోజుల ముందు ఒకటి వస్తే మేతకి మనిషిని చూసుకోవచ్చు. ముందురోజు సాయంత్రం ఇంకోటి.

*మనం చేసుకోగలిగింది*

1. డాక్టరు తారీఖు చెప్పగానే అక్కడే మీ పంట లెక్క చూడండి. రెండో జ్వరం లేచిన చాకీ పురుగులు తెస్తే, సుమారు పదో రోజు నుంచి గూడు కట్టేదాకా మీకు తీరిక ఉండదు. తారీఖు అందులో పడితే కాస్త ముందుకి మార్చమని అడగండి. మాత్రలు అయిపోయే రోజు దాటకూడదు.

2. ఆస్పత్రిలో రోజూ చేతిలో ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి. చెన్నైలో పనిచేసే కొడుకు నంబరు ఇస్తే మెసేజ్ చెన్నైకే పోతుంది.

3. ఆస్పత్రి నుంచి మెసేజ్ రాకపోయినా ఫోన్‌లో అలారం పెట్టుకోవచ్చు. చాకీ తారీఖు రాసే క్యాలెండరులోనే ఆస్పత్రి తారీఖూ రాయండి.

4. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. మన ఇళ్ళల్లో మాట తెలుగు, వచ్చే మెసేజ్ తమిళమో ఇంగ్లీషో. చదవలేని పెద్దవాళ్ళకి పిల్లలు తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టాలి: "అమ్మా, గురువారం పొద్దున ఆస్పత్రి. పరగడుపున రమ్మన్నారు, పాత చీటీ తీసుకో." రోజు, టైము, చోటు, తేవాల్సింది, ఈ నాలుగూ ఉంటే చాలు.

5. జబ్బు పేరు గ్రూపులో పెట్టొద్దు. అది వాళ్ళ సొంత విషయం. గుర్తు చేసే మెసేజ్‌కి ఓటీపీతో పనిలేదు. ఎవరైనా అడిగితే చెప్పకండి.

బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలై రాష్ట్రమంతా వచ్చింది. మీ ఊరికొచ్చే ఆరోగ్య కార్యకర్తని అడిగి పేరు రాయించుకోండి. మాత్రలు ఇంటికొచ్చినా డాక్టరు రమ్మన్నప్పుడు పోవాల్సిందే.

ఒక పంట దెబ్బతింటే రెండు నెలల్లో ఇంకో పంట పెట్టుకుంటాం. కాలూ చెయ్యీ పడిపోతే ఆకు కోసేదెవరు? ఈరోజే చీటీ వెతికి తారీఖు చూసుకోండి.