ఆపదలో ఆదుకొనేవారి క్షేమం

ఏటా ఏప్రిల్ 14వ తేదీన దేశమంతటా అగ్నిమాపక సేవా దినం జరుపుకొంటున్నాము. 1944లో అదే రోజున బొంబాయి రేవులోని విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకు నిప్పంటుకొన్నది. ఆ ఓడలో పత్తి బేళ్లతోపాటు పేలుడు పదార్థాలు కూడా ఉన్నాయి. మంటలు ఆర్పడానికి వెళ్లినవారు పనిలో ఉండగానే ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాశారు. వారి స్మృత్యర్థం ఏప్రిల్ 14 నుండి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. అదే విధంగా 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో 10 మంది పోలీసులు అమరులయ్యారు. ఆ తేదీ పోలీసు అమరవీరుల సంస్మరణ దినమైనది.

ఆ రెండు రోజులలోనూ పూలమాలలు వేసి మౌనం పాటిస్తాము. మరి తక్కిన రోజుల మాటేమిటి? మన ఇల్లు కాలినా, మన బిడ్డ బావిలో పడినా, మన బాటలో బండి బోల్తాపడినా పరుగున వచ్చేవారు క్షేమంగా ఇల్లు చేరాలంటే ఏమేమి కావాలి? అందులో ప్రభుత్వం చేయవలసినది కొంత, వారి ఇంటివారు చేయవలసినది కొంత, గ్రామస్థులమైన మనము చేయవలసినది కొంత ఉన్నది.

మంట కన్న పొగ ప్రమాదం

అగ్నిమాపకులకు మంటయే ప్రథమ శత్రువని మనం భావిస్తాము. కాని మూసి ఉన్న గదిలో మంట కన్న ముందుగా ప్రాణం తీసేది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా బలంగా పట్టుకొంటుంది. మనిషికి తెలియకుండానే మగత కమ్మి, కాళ్లు కదలకుండా పోతాయి. ముఖానికి చుట్టిన తడి తువ్వాలు మసిని కొంత ఆపవచ్చునేమో గాని ఈ వాయువును ఆపలేదు.

అందుకే వారు వీపున గాలి సిలిండరు మోసుకొని లోపలికి వెళతారు. అందులో ఉండేది ఒత్తిడితో నింపిన మామూలు గాలి. సాధారణంగా ఇది అరగంటకు సరిపోతుందని లెక్క. కాని బరువు మోస్తూ, మెట్లెక్కుతూ, ఆయాసపడే మనిషికి అంతసేపు రాదు. గాలి తగ్గిపోతున్నప్పుడు ఈల మోగుతుంది. ఆ ఈల వినబడగానే లోపలివారు వెనుదిరగాలి. “ఇంకా లోపల సామానున్నదయ్యా, తెచ్చిపెట్టండి” అని వారిని మనం బతిమాలుకోవడం వారి ప్రాణంతో చెలగాటమాడటమే.

మరొకటి వేడి. పొరలు పొరలుగా కుట్టిన కోటు బయటి వేడిని లోపలికి రానివ్వదు. అదే కోటు ఒంటిలోని వేడిని బయటికి పోనివ్వదు. చెమట పడుతుందే గాని ఆరదు, ఒళ్లు చల్లబడదు. మన వేసవిలో ఇది గుండెకు పెద్ద పరీక్ష. అమెరికాలో విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపకులలో సుమారు సగం మంది గుండె ఆగి చనిపోయినవారేనని అనేక సంవత్సరాల లెక్కలు తెలిపాయి. కనుక మనిషిని మార్చి మనిషిని లోపలికి పంపడం, బయటికి వచ్చినవారిని నీడన కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం, ఏటేటా గుండె పరీక్ష చేయించడం తప్పనిసరి.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. దుస్తులకంటిన మసిలోనూ విషమున్నది. ఆ ఉద్యోగంలో ఉన్నవారి ఇంటివారికి ఒక విన్నపం. మసిబట్టలు ఇంట్లోకి రానీయవద్దు, పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. స్నానం చేసిన తరువాతనే బిడ్డను ఎత్తుకోమని చెప్పండి.

లోపల ఏమున్నదో తెలియకపోతే

2015 మే 9న ముంబయిలోని కల్బాదేవి ప్రాంతంలో ఒక పాత భవనం మంటల్లో చిక్కుకొని కూలిపోగా, ఆ నగర ముఖ్య అగ్నిమాపక అధికారితో సహా నలుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. 2017 జూలైలో చెన్నైలోని కొడుంగైయూరులో ఒక బేకరీలో మంటలు ఆర్పుతుండగా గ్యాస్ సిలిండరు పేలింది. ఒక అగ్నిమాపక ఉద్యోగి మరణించారు. చూడవచ్చి చుట్టూ గుమిగూడిన జనంలో కూడా అనేకులు గాయపడ్డారు.

ఫోర్ట్ స్టికిన్ నుండి కొడుంగైయూరు వరకు కనబడే పాఠం ఒకటే. మంట మాటున ఏమి దాగి ఉన్నదో అదే రక్షకుల పాలిట మృత్యువవుతున్నది. ఆ సంగతి ఇంటివారికి, ఇరుగుపొరుగుకు తెలిసి ఉంటుంది. వచ్చిన సిబ్బందికి తెలియదు.

నిద్రలేని కాపలా

పోలీసుల కష్టం వేరు విధమైనది. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారు. వారిలో దాదాపు సగం మందికి వారాంతపు సెలవు లేదు. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని స్థాయికి పడిపోతుందని పరిశోధకులు 1997లోనే చూపారు. మన చట్టం ప్రకారం బండి నడిపేవాని రక్తంలో మద్యం 0.03 శాతం దాటితేనే నేరం. అంటే తాగి నడిపేవారిని పట్టుకోవడానికి రాత్రంతా నిలబడిన పోలీసు, తెల్లవారుజామున తానే తూలుతూ బండి మీద ఇంటికి పోతున్నాడన్నమాట.

దీనికి మందు ధైర్యవచనాలు కావు, విశ్రాంతి. 2016లో ముంబయిలోని దేవనార్ ఠాణాలో 8 గంటల విధిని ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించింది. ఇటువంటి నిర్ణయాలు నిలవాలంటే ఖాళీలు భర్తీ కావాలి. రాత్రివేళ సరిహద్దు తనిఖీ కేంద్రాలలో నిలిచేవారికి వెలుతురు పడితే మెరిసే కోటు, బండ్ల వేగాన్ని తగ్గించే అడ్డుకట్టలు, కాస్త కూర్చునే చోటు ఉండాలి. ఇవి కోరికలు కావు, కనీసావసరాలు.

మనసుకు తగిలే గాయం మరొకటి. కాలిన శవాలను, రోడ్డు మీద చిదికిపోయిన పసివారిని చూసినవానికి ఆ దృశ్యం కంటి ముందు నుండి తొలగదు. నిద్రలో ఉలికిపడటం, అయినదానికీ కానిదానికీ కసురుకోవడం, మద్యానికి అలవాటుపడటం దాని గుర్తులు. “పోలీసువాడివై ఉండి భయమేమిటి?” అనకండి. కూర్చోబెట్టి చెప్పనివ్వండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

సరిహద్దు గ్రామాలవారు చేయవలసినది

మన వంటి ఊళ్లకు ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. 112కు గాని 101కి గాని ఫోను చేసినప్పుడు, మన ఫోను పొరుగు రాష్ట్రపు టవరును అందుకొంటే ఆ రాష్ట్రపు కేంద్రానికి పోవచ్చు. ఒకే పేరు గల ఊళ్లు ఇరువైపులా ఉండవచ్చు. కనుక మొట్టమొదట రాష్ట్రం, జిల్లా, తాలూకా లేదా మండలం, ఆ తరువాత ఊరి పేరు చెప్పండి. ఏ దారిన వస్తే పెద్ద బండి పడుతుందో చెప్పండి.

తరువాత ఐదు సంగతులు చెప్పాలి. ఏమి కాలుతున్నది, లోపల మనుషులున్నారా, సిలిండర్లు, పెట్రోలు, పురుగుమందులు ఎక్కడున్నవి, కరెంటు తీశారా లేదా, దగ్గరలో నీళ్లున్న బావి గాని చెరువు గాని ఏది.

వచ్చే సిబ్బంది మన భాషవారు కాకపోవచ్చు. “లోపల మనుషులున్నారు” అనే మాటను కన్నడంలో “ఒళగె జనరిద్దారె” అని, తమిళంలో “ఉళ్ళే ఆళుంగ ఇరుక్కాంగ” అని, మరాఠీలో “ఆత్ మాణసం ఆహేత్” అని, ఒడియాలో “భితరే లోక అఛంతి” అని అంటారు. నిప్పును కన్నడిగులు బెంకి అని, తమిళులు నెరుప్పు అని, మరాఠీవారు ఆగ్ అని, ఒడియావారు నిఆఁ అని పిలుస్తారు. తరతరాలుగా రెండు భాషల నడుమ బ్రతుకుతున్న మన పిల్లలకు ఇది గంట పాఠం. యానాంలో ఈ చిక్కు లేకపోయినా, ఊరూ వీధీ తడబడకుండా చెప్పడం అక్కడి పిల్లలు కూడా నేర్వదగినదే. బడిలో ఉపాధ్యాయులు, ఇంట్లో తాతమ్మలు ఈ పాఠం చెప్పగలరు.

ఇక ముందుజాగ్రత్తలు. ఫైరింజను తిరిగే బాటలో గడ్డివాములు, కట్టెల మోపులు వేయవద్దు. పెళ్లిపందిరి వేసినా బండి దూరే చోటు విడవండి. మంట దగ్గర గుమిగూడవద్దు, సెల్‌ఫోనులో చిత్రాలు తీస్తూ అడ్డు నిలవవద్దు. దారి చూపడానికి ఊరి మొదట ఒక మనిషిని నిలబెట్టండి. ఆలస్యమైనదని వచ్చినవారి మీద చేయిచేసుకోవడం కంటే అవివేకం లేదు. ఆ ఆలస్యానికి కారణం దూరం, దారి, బండ్ల కొరత కావచ్చును. అందుకు అర్జీ పెట్టవలసినది అధికారులకు.

ఊరికొక అగ్నిమాపక కేంద్రం రావడానికి ఏండ్లు పట్టవచ్చు. లోపల సిలిండరున్నదని ముందుగా ఒక మాట చెప్పడానికి మాత్రం ఒక్క క్షణం చాలు. ఆ ఒక్క మాట చాలాసార్లు ఒక ప్రాణం విలువ చేస్తుంది. ఆ ప్రాణం కోసం కూడా ఒక ఇంటి గడపలో ఎవరో ఎదురుచూస్తుంటారు.